మూడు కిలోమీటర్ల లోపలి కిరాణా

2020 మార్చి చివరి వారం నుంచి, కొవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో, హనుమకొండలో ఇంటికి సరుకులు తెచ్చుకోవడం ఎలా జరిగిందో రాస్తున్నాను. ముందే ఒక మాట. మా దగ్గర తిండి గింజలకు కొరత రాలేదు. వచ్చే అవకాశమూ లేదు. ఊరు దాటితే వరి పొలాలు, రోడ్డు పక్కన రైస్ మిల్లులు, ఇంకో నెల ఆగితే యాసంగి కోతలు. అయినా ఉప్మా రవ్వ దొరకలేదు. గోధుమ పిండి దొరకలేదు. కిలో సంచుల్లో కందిపప్పు రెండు రోజులు కంటికి కనిపించలేదు. క్వింటాళ్ల కొద్దీ పప్పు వరంగల్ గోదాముల్లోనే ఉంది. దాన్ని లారీ దించి, సంచి విప్పి, తూచి, మా గల్లీ దాకా చేర్చే మనుషులు మాత్రం ఇళ్లలో ఉండిపోయారు.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో కామర్స్ చెబుతాను. గిరాకీ రేఖ, సరఫరా రేఖ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో. ఆ రెండు గీతలు కలిసే చోట హమాలీ ఎవరికీ కనిపించడు.

మా ఇల్లు కుమార్‌పల్లిలో. అమ్మ, నేను, నా భార్య, ఇంటర్ చదివే అమ్మాయి. ప్రతి నెలా మొదటి ఆదివారం వరంగల్‌లోని హోల్‌సేల్ మార్కెట్ బీట్ బజార్‌కు వెళ్లి నెల సరుకంతా ఒకేసారి తెచ్చుకోవడం మాకు అలవాటు. కిలోకు నాలుగైదు రూపాయలు తగ్గుతుంది, ఆటో కిరాయి పోగా ఎంతో కొంత మిగులుతుంది. దీనిలో ఒక చిక్కుంది. నెలాఖరుకు డబ్బాలు అడుగంటుతాయి. కొవిడ్ భయం మా ఊరికి సరిగ్గా నెలాఖరులోనే వచ్చింది. జీతం మీద బతికే వాడి చేతిలో 22వ తేదీకి ఎంత ఉంటుందో అందరికీ తెలిసిందే. ఆ వారం బండ్ల కొద్దీ కొన్నవాళ్లు భయపడినవాళ్లే కావచ్చు, కానీ ఆ రోజున చేతిలో డబ్బు ఉన్నవాళ్లు. మాకూ భయం ఉంది, బ్యాంకులో డబ్బే లేదు.

మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. దేశమంతా పగటి పూట పాటిస్తే తెలంగాణలో 24 గంటలు పాటించాం. ఆ సాయంత్రమే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నెలాఖరు వరకు లాక్‌డౌన్ అన్నారు. సోమవారం తెల్లవారేసరికి జనం రోడ్డు మీద ఉన్నారు. శుక్రవారం 20 రూపాయలున్న టమాటా 60 అన్నారు. అడిగితే ‘తీసుకుంటే తీసుకోండి, లేకపోతే వెనక వాళ్లున్నారు’ అన్నారు. మంగళవారం సాయంత్రం ముఖ్యమంత్రి మళ్లీ టీవీలోకి వచ్చి ధరలు పెంచితే పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెడతామని హెచ్చరించారు. అదే రాత్రి ప్రధాని దేశమంతటికీ 21 రోజులు ప్రకటించారు. తెల్లారితే ఉగాది.

సోమవారం నేను మా దగ్గరి సూపర్‌మార్కెట్‌కు వెళ్లాను. ఏ అర ముందు ఖాళీ అవుతుందో చూస్తే అదొక పాఠం. బియ్యం బస్తాలు అలాగే ఉన్నాయి. నూడుల్స్, రవ్వ, బిస్కెట్లు, చేతులు కడుక్కునే సబ్బు మొదట పోయాయి. అంటే జనం ఆకలికి కాదు, వంట చేయలేని రోజు వస్తుందేమోనని కొన్నారు. మనిషికి రెండు నూనె ప్యాకెట్లే అని కాగితం అంటించారు. ఒక కుటుంబం నలుగురు వచ్చి నలుగురూ ఒకరికొకరు తెలియనట్టు వేర్వేరు వరుసల్లో నిలబడ్డారు. నా వెనక ఒకాయన బండిలో ఉప్పు ప్యాకెట్లు కుప్పగా ఉన్నాయి. 2016 నవంబరులో, పెద్ద నోట్లు రద్దు చేసిన వారంలో, ఉప్పు దొరకదని పుకారు ఉత్తరాదిలో పుట్టి హైదరాబాద్ దాకా వచ్చింది. మూడు వైపులా సముద్రం ఉన్న దేశంలో ఉప్పు గురించి ఇంత బెంగ ఎందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

నేను ఒక సబ్బు, రెండు నూనె ప్యాకెట్లు తీసుకుని బయటపడ్డాను. ఇక బీట్ బజార్ సంగతి. ఇంటికి ఒక్కరే బయటికి రావాలి, అదీ మూడు కిలోమీటర్ల లోపలే, రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా కర్ఫ్యూ. కూడళ్లలో పోలీసులు చిరునామా చూపించమంటున్నారు, దూరం వచ్చిన బండ్లను పట్టుకుంటున్నారు. బీట్ బజార్ మాకు ఆ గీతకు చాలా అవతల. అలా మేము మా గల్లీ చివరి కిరాణా కొట్టుకు చేరాం. అంతవరకు అక్కడ మేము కొన్నవి కొత్తిమీర కట్ట, షాంపూ పొట్లాలు, అగ్గిపెట్టె.

సేటు అందరికీ ఒకేలా ఇవ్వడం లేదు. సగం షట్టర్ దించి, ముందు ఖాతా ఉన్నవాళ్లకు, మిగిలితే ఇతరులకు. ఇది అన్యాయమని మొదటి రోజు వరుసలో చాలామంది గొణిగారు. నాకైతే న్యాయంగానే తోచింది. ఏడాదంతా ఎక్కడో దూరంగా కొని, ఆపద రోజున వచ్చి నాకూ సమానంగా ఇవ్వమంటే ఎలా? మాకు ఖాతా లేదు. కానీ అమ్మ రోజూ సాయంత్రం వక్క, తమలపాకులు అక్కడే కొని, ముందున్న బండ మీద కాసేపు కూర్చుని, సేటు భార్యతో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడి వస్తుంది. నన్ను చూసి ‘సార్, మీరు అమ్మ వాళ్లింటి వాళ్లే కదా’ అని పుస్తకంలో ఒక పేజీ తీశాడు. పరిచయం పనిచేసింది, నా చదువు కాదు.

ఆయన పద్ధతి ఇది. కర్ఫ్యూ మొదలయ్యేలోపు చీటీ ఇవ్వాలి, లేదా రాత్రి 8 లోపు వాట్సాప్‌లో పంపాలి. ఉదయం 7 నుంచి పేరు పిలిచి సంచి అందిస్తాడు. కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడాలి. చీటీలో రాసినదంతా వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. మొదటి చీటీలో నేను నూనె నాలుగు లీటర్లు రాస్తే రెండు పెట్టాడు. ఎందుకని అడిగాను.

‘సార్, మీ ఇంట్లో నలుగురు. అమ్మ నూనె తినదు. పదిహేను రోజులకు రెండు చాలు.’

‘మళ్లీ వస్తుందో రాదో కదా సేటూ?’

‘వస్తుంది. నూనె కాకినాడలో, కృష్ణపట్నంలో ఓడ దిగి ఉంది. లారీ నడిస్తే వస్తుంది, నడవకపోతే మీ ఇంట్లో నాలుగు ప్యాకెట్లుండి ఏం లాభం? పక్కింటికి ఒకటి ఇవ్వరా మీరు?’

సూపర్‌మార్కెట్‌లో మనిషికి రెండు. ఒంటరిగా ఉండే విద్యార్థికీ రెండే, పదిమంది ఉన్న ఇంటికీ రెండే. సేటుకు ఏ ఇంట్లో ఎన్ని కంచాలు లేస్తాయో తెలుసు. ఎవరింట్లో పాలు తాగే పిల్లలున్నారో, ఎవరికి చక్కెర వ్యాధి ఉందో కూడా తెలుసు. అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. మామూలు రోజుల్లో అచ్చు ధర మీద రెండు మూడు రూపాయలు తగ్గించేవాడు, ఆ నెలంతా పైసా తగ్గించలేదు. ఒకసారి ఇచ్చిన కందిపప్పులో సగం దుమ్మే. గోధుమ పిండి రాస్తే జొన్న పిండి పెట్టి ‘ఇదే మంచిది సార్’ అని సలహా ఒకటి జోడించాడు. రొట్టెలు చేయడం నా భార్యకు రాదు. అమ్మ నేర్పింది. మొదటి రొట్టెలు నాలుగైదు ముక్కలుగా వచ్చినా తిన్నాం.

ఆయనకు సరుకు ఎలా వస్తోందో నిదానంగా అడిగి తెలుసుకున్నాను. అధికారుల దగ్గర పాస్ తీసుకుని, ట్రాలీ ఆటో మాట్లాడుకుని, తెల్లవారుజామునే బీట్ బజార్ వెళ్లేవాడు. హోల్‌సేల్ వాళ్లు అడిగిన దాంట్లో సగమే ఇచ్చేవారు, అది కూడా నగదుకే. ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి కాబట్టి చుట్టుపక్కల పల్లెల నుంచి రావలసిన హమాలీలు రాలేదు. వచ్చిన కొద్దిమంది కూలి పెంచారు, పెంచడం సబబే. సేటు, ఆయన కొడుకు సంచులు తామే మోసేవారు. మిల్లుల్లో పరిస్థితి ఇంకా కష్టం. అక్కడ బస్తాలెత్తే పని ఎక్కువగా బిహార్ వాళ్లది. మార్చిలో హోలీకి ఊళ్లకు వెళ్లినవాళ్లు వెళ్లినట్టే అక్కడ చిక్కుకుపోయారు. మే నెలలో ప్రభుత్వం బిహార్‌లోని ఖగడియా నుంచి హైదరాబాద్ పక్కన లింగంపల్లికి ప్రత్యేక రైలు పెట్టి కొందరిని రప్పించింది. అదే రోజుల్లో వలస కూలీలు ఇక్కడి నుంచి అటు వెళ్లడానికి రైళ్ల కోసం ఎదురుచూస్తున్నారు. అదొక విచిత్రం.

హోల్‌సేల్‌లో నగదు అడిగితే గల్లీలో ఉద్దెర ఆగుతుంది. ఏప్రిల్ మొదట్లో సేటు మొహమాటంగానే చెప్పాడు, ఈ నెల రాసుకోలేనని. మా కళాశాలలో ఆ నెల సగం జీతమే ఇచ్చారు. నా భార్య చిట్టీ డబ్బు అక్కరకొచ్చింది. ఈ విషయం ఇంతటితో వదిలేస్తాను.

మాకు ఆహార భద్రత కార్డు ఉంది. అప్పట్లో మామూలుగా మనిషికి 6 కిలోల బియ్యం ఇచ్చేవారు, అది కూడా కిలో రూపాయికి. ఆ ఏప్రిల్‌లో మనిషికి 12 కిలోలు ఉచితం, ఇంటికి 1,500 రూపాయలు ఖాతాలో. నలుగురికి 48 కిలోల దొడ్డు బియ్యం ఇంట్లోకి వచ్చింది. రేషన్ దుకాణానికి టోకెన్ మీద రాసిన వేళకు వెళ్తే అంత సేపు పట్టలేదు. టోకెన్ లెక్కచేయకుండా పొద్దున్నే వచ్చినవాళ్లతోనే తోపులాట. అన్నానికి మేము సన్నాలు వాడతాం. దొడ్డు బియ్యంతో దోసెలు, ఇడ్లీలు, వారానికి రెండుసార్లు సర్వపిండి. పిండి పట్టే గిర్ని పూర్తిగా మూయలేదు, పొద్దున్న కొన్ని గంటలు నడిచింది. వెనక వీధిలో సగం కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఒడిశా కూలీలు ఉండిపోయారు. వాళ్లకు కార్డుతో పని లేకుండా మనిషికి 12 కిలోలు, 500 రూపాయలు ఇచ్చారు. బియ్యం సరే, పప్పూ కారం మాటేమిటి? గల్లీ వాళ్లు తలా కొంత వేసి పంపారు. సేటు తన వంతుగా ఏమిచ్చాడో నాకు తెలుసు, చెబితే ఆయనకు నచ్చదు.

కూరగాయల కథ పూర్తిగా తలకిందులు. మొదటి మూడు రోజులు మంట, తరువాత వరద. రద్దీ తగ్గించాలని మార్కెట్‌ను ఆరుబయట మైదానానికి మార్చారు. ఏప్రిల్ వచ్చేసరికి హైదరాబాద్‌కు, ఇతర రాష్ట్రాలకు వెళ్లాల్సిన పంట కదల్లేక ఇక్కడే నిలిచిపోయింది. పుచ్చకాయలు ట్రాక్టర్ల మీద గల్లీల్లోకి వచ్చాయి. టమాటా 60 అన్న నోళ్లే పది రూపాయలకు కిలో అన్నాయి. ఒక రైతు సగం ట్రాక్టర్ అమ్ముడుపోక, తిరిగి తీసుకెళ్లడానికి డీజిల్ దండగని, కాయలు ఊరికే పంచి వెళ్లిపోయాడు. ఒకే నెలలో, ఒకే ఊళ్లో రవ్వ కోసం వరుస కట్టాం, పుచ్చకాయలు వద్దన్నాం.

కోడి సంగతి మరీ తమాషా. కోడి తింటే జబ్బు వస్తుందన్న పుకారుతో ఫిబ్రవరిలో ధర పడిపోయింది. నెలాఖరున హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. లాక్‌డౌన్ వచ్చాక అదే కోడి కోసం ఆదివారం పొద్దున్నే వరుసలు. నిమ్మ, బత్తాయి తింటే మంచిదని ముఖ్యమంత్రి చెప్పాక మా అమ్మ మందులా లెక్కపెట్టి తినిపించింది.

గ్యాస్ గురించి పెద్దగా కష్టపడలేదు. జనం ముందుగానే బుక్ చేసుకోవడం చూసి సిలిండర్‌కు సిలిండర్‌కు మధ్య 15 రోజులు ఉండాలని కంపెనీలు నియమం పెట్టాయి. మాకు సిలిండర్ రెండు నెలలు వస్తుంది. బెల్లం దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాం. మద్యం దుకాణాలు మూసేసరికి పల్లెల్లో బెల్లంతో కాచే గుడుంబా (నాటుసారా) బట్టీలు మళ్లీ వెలిగాయి, బెల్లం అమ్మేవాళ్ల మీద నిఘా పెరిగింది. బూరెలకు రెండు కిలోలు అడిగితే సేటు నా ముఖంలోకి పరిశీలనగా చూసి కిలోనే ఇచ్చాడు. ఇంతకాలం పాఠాలు చెప్పిన ముఖం మీద ఆయనకు ఏం కనిపించిందో.

ఇక మిగిలింది ఏడాది సరుకు. మా ఇళ్లలో మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఎండుమిర్చి, పసుపు, చింతపండు ఏడాదికి సరిపడా కొనిపెట్టుకుంటారు. మామూలుగా ఈ రోజుల్లో వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ మిర్చి ఘాటు చాలా దూరం నుంచే తెలుస్తుంది. ఆ ఏడు లాక్‌డౌన్‌తో కొనుగోళ్లు ఆగిపోయాయి. కొందరు రైతులు శీతల గిడ్డంగుల్లో పెట్టారు, చోటు దొరకనివాళ్లు ఇంట్లోనే బస్తాలు పేర్చుకున్నారు. పరకాల దగ్గర అమ్మ తరఫు బంధువు ఒకాయన ఇంట్లో అలాగే ఉన్నాయి. మే నెలలో ఆంక్షలు సడలాక ఆయన బండి మీద పది కిలోలు తెచ్చి ఇచ్చాడు. మార్కెట్ ధర ఎంతో ఎవరికీ తెలియదు కాబట్టి అమ్మ, ఆయన అరుగు మీద కూర్చుని పోయిన ఏటి ధర దగ్గర మొదలుపెట్టి ఒక అంకెకు వచ్చారు. ఇద్దరూ తామే నష్టపోయామన్నారు. కారం పట్టించేసరికి జూన్ వచ్చింది.

జూన్‌లోనే నేను మళ్లీ బీట్ బజార్‌కు వెళ్లాను. బియ్యం, నూనె అక్కడే కొంటున్నాం, ఆ తేడాను వదులుకునే స్తోమత మాకు లేదు. పప్పులు, రవ్వ, పిండి, చక్కెర మాత్రం సేటు దగ్గర ఖాతాలో రాయిస్తున్నాం. ఆయన మళ్లీ రెండు రూపాయలు తగ్గించడం మొదలుపెట్టాడు. కందిపప్పు తూచేటప్పుడు మాత్రం నేను పక్కనే నిలబడి చూస్తున్నాను.