గజ్జలో ఉబ్బు

మాది ఆమదాలవలస. కిరాణా కొట్టు. పాతికేళ్ళుగా బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు నా చేతులతోనే దించుకుంటున్నాను. 2022 వానాకాలంలో ఒకరోజు స్నానం చేస్తుంటే కుడి గజ్జలో కోడిగుడ్డంత ఉబ్బు చేతికి తగిలింది. నొప్పి లేదు. రాత్రి పడుకుంటే లోపలికి పోయింది. పొద్దున లేచి నిలబడగానే మళ్ళీ వచ్చింది.

ఈ సంగతి రెండేళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. చేతికో కాలికో అయితే ఆ రోజే చూపించుకునేవాణ్ణి. ఇది చెప్పుకునే చోటు కాదనుకున్నాను. శ్రీకాకుళంలో నన్నెరగని మందుల షాపులో హెర్నియా బెల్టు ఒకటి కొని, లుంగీ కింద కట్టుకుని తిరిగాను. సాయంత్రానికి బెల్టు ఒరుసుకుని చర్మం ఎర్రగా కందిపోయేది. దానికి కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాణ్ణి.

2024 కార్తీకమాసంలో ఒక సాయంత్రం లోడు వచ్చింది. ఇప్పుడన్నీ 26 కేజీల బస్తాలే. నాలుగోదో ఐదోదో దించుతుండగా గజ్జలో ఏదో పట్టేసినట్టయింది. ఉబ్బు రాయిలా గట్టిపడింది. నొక్కితే లోపలికి పోవడం లేదు. కడుపులో తిప్పేసింది, ఒళ్ళంతా చెమట. కొట్టు వెనక గదిలో గోనెసంచుల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడుచుకున్నాను. మా ఆవిడ టీ తెచ్చి నన్ను అలా చూసి గ్లాసు కింద పెట్టేసింది. "ఏటండీ, ఏటయింది?" అంది. అప్పుడు చెప్పాను. ముప్పావుగంట తర్వాత ఉబ్బు దానంతటదే జారి లోపలికి పోయింది. ఆ ముప్పావుగంట మా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు ఇంట్లో పంచాయితీ అయింది. మా మామయ్య ఒకాయన "అది వరిబీజం రా, ఫైలేరియా అయ్యుంటుంది, రాత్రిపూట రక్తం తీయించు" అన్నాడు. మా వైపు బోదకాలు ఎక్కువ కాబట్టి అలా అనడంలో తప్పులేదు. డాక్టరుగారు మాత్రం నన్ను నిలబెట్టి, గజ్జ మీద వేలు పెట్టి, దగ్గమన్నారు. రెండుసార్లు దగ్గగానే ఇది వరిబీజం కాదు, హెర్నియా అని చెప్పేశారు. వరిబీజంలో ఉండేది నీరు. హెర్నియాలో దిగేది పేగు. మగపిల్లవాడు తల్లి కడుపులో ఉండగానే వృషణాలు పొట్టలోంచి గజ్జల దారిన కిందికి దిగుతాయట. ఆ దారి దగ్గర పొట్ట గోడ ఎప్పటికీ కాస్త పలచగానే ఉంటుంది. బరువులు, ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, ఇవన్నీ లోపలినుంచి తోసి తోసి అక్కడ కన్నం చేస్తాయి. దాదాపు నలుగురు మగవాళ్ళలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందన్నారు. ఆ మాట విన్నాక నా తల కాస్త పైకి లేచింది.

మాత్రతో తగ్గదు, ఆకు పసరుతో పూడదు, బెల్టు దాన్ని కాసేపు అదిమి పెడుతుంది అంతే. నాకు ఆ సాయంత్రం జరిగింది హెచ్చరిక అన్నారు. ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా, నొప్పి పెరిగి, వాంతులు మొదలైతే పేగు ఇరుక్కున్నట్టు లెక్క. రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లోనే పేగు కుళ్ళుతుంది. అప్పుడు ఇంట్లో పడుకుని చూడకూడదు, అర్ధరాత్రయినా బయల్దేరాలి. నేను ఇంట్లో పడుకున్నాను. బతికి బయటపడ్డాను.

ఆపరేషన్ సంక్రాంతి బేరాలు అయ్యాక పెట్టుకున్నాం. ఎండలు ముదిరితే చెమటకు కుట్టు దగ్గర చిరాకు. పైగా నా దగ్గు తగ్గడానికి టైం కావాలి. రోజుకు ఎనిమిది సిగరెట్లు తాగేవాణ్ణి. కనీసం నాలుగు వారాల ముందు మానేస్తేనే చెయ్యి వేస్తానన్నారు డాక్టరుగారు. మత్తు ఇచ్చాక ఊపిరితిత్తులు ఇబ్బంది పెడతాయి, ఆపరేషన్ అయ్యాక దగ్గితే కుట్టు మీద పడుతుంది. మా అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు, మా ఊళ్ళ పెద్దాడవాళ్ళలాగే అడ్డచుట్ట కాలుస్తుంది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, అరుగు మీద కూర్చుని. నేను సిగరెట్టు మానిన రోజునుంచీ ఆవిడ అరుగు వదిలి పెరట్లో నూతి దగ్గరికి వెళ్ళి కాల్చుకునేది. ఎవరూ వెళ్ళమనలేదు. వాసన నా దాకా రాకూడదని ఆవిడే వెళ్ళింది.

రక్తం, షుగరు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, అన్నీ తీశారు. మూత్రం ధారగా వస్తోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావని అడిగారు. ప్రోస్టేటు వాచి ఉంటే మూత్రానికీ ముక్కుతాం కదా, అందుకట. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. ఇంట్లో బ్లేడుతో అక్కడ గీసుకుని రావద్దన్నారు. చిన్న గాట్లు పడితే చీము పట్టే ప్రమాదం ఎక్కువట. నేను ముందురోజు గీసుకుందామనే బ్లేడు తీసి పెట్టుకున్నాను.

అయితే ఇల్లు ఎలా సర్దుకోవాలో ఎవరూ చెప్పలేదు. అది మాకు మేమే తెలుసుకున్నాం, సగం ముందు, సగం దెబ్బతిన్నాక. నేను పడుకునేది నులకమంచం. నడుము దగ్గర దిగిపోతుంది. అందులోంచి లేవాలంటే పొట్ట మీదే బరువంతా. చెక్కమంచం తెప్పించి, కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టాం. కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, మోకాళ్ళు మరీ పైకి రాకూడదు, అంత ఎత్తు. లేవడం కూడా వారం ముందునుంచే సాధన చేశాను. ముందు మోకాళ్ళు మడవాలి, ఒళ్ళంతా ఒకేసారి పక్కకు దొర్లాలి, కాళ్ళు మంచం దిగుతుండగా మోచేతితో నెట్టుకుని లేవాలి. వెల్లకిలా ఉన్నవాడు ఉన్నట్టు లేచి కూర్చోకూడదు. వినడానికి చిన్న విషయం. మొదటి నాలుగు రోజులూ నా ప్రాణమంతా ఆ దొర్లడంలోనే ఉంది.

2025 జనవరి 24, శుక్రవారం. ముందురాత్రి తిన్న అన్నమే, పొద్దున ఏమీ లేదు. నీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో వాళ్ళే టైం చెప్పారు. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు, నడుం కిందనుంచి నావి కానట్టయిపోయాయి కాళ్ళు. గంటకు పైగా పట్టింది. కన్నం దగ్గర పెట్టే మెష్ ఎలా ఉంటుందో ముందే చూపించారు. దోమతెర ముక్కలా ఉంది, పాలీప్రొపిలీన్ అట. కండ అందులోకి అల్లుకుని గట్టిపడుతుంది. సాయంత్రం మూత్రం రాక చాలా అవస్థపడ్డాను, రాత్రి తొమ్మిదికి గానీ రాలేదు. వెన్ను మత్తుతో అలా అవుతుందట. మర్నాడు మధ్యాహ్నం ఇంటికి పంపేశారు.

కారులో వస్తుంటే స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా దిండు కుట్టు మీద అదిమి పట్టుకున్నాను. ఆ దిండు తర్వాత పదిహేను రోజులు నాతోనే ఉంది. దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా, నవ్వొచ్చినా ముందు దిండు గజ్జకు చేరాల్సిందే.

మూడోరోజు పొద్దున చూసుకుంటే వృషణాల సంచి నేరేడుపండు రంగులోకి తిరిగి, వాచి ఉంది. చేతులు చల్లబడిపోయాయి. డిశ్చార్జి కాగితం తిరగేశాను. మాత్రల పేర్లు, మళ్ళీ రావాల్సిన తేదీ, అంతే. ఫోను చేస్తే నర్సమ్మ నెమ్మదిగా చెప్పింది. లోపల కమిలిన రక్తం కిందికి దిగుతుంది, పది పదిహేను రోజుల్లో ఆ రంగు పోతుంది, వాపు గట్టిగా పెరిగిపోతున్నా, జ్వరం వచ్చినా, కుట్టు దగ్గర చీము, ఎరుపు కనిపించినా వెంటనే రండి అని. ఈ నాలుగు మాటలు ఆ కాగితం మీద రాసి ఇస్తే ఆ పొద్దున నేనూ మా ఆవిడా అంత టెన్షన్ పడే పనిలేదు. ఆసుపత్రి మీద నాకు ఇప్పటికీ ఉన్న కోపం అదొక్కటే.

అసలు బాధ విరోచనం. నొప్పి మాత్రల వల్ల కొంత, భయం వల్ల కొంత, మూడు రోజులు కాలేదు. మా ఇంట్లో ఉన్నది కింద కూర్చునే మామూలు మరుగుదొడ్డి. గొంతుక్కూర్చుంటే కుట్టు లాగేస్తోంది. నాలుగోరోజు గోడ పట్టుకుని కూర్చుని, ముక్కకూడదని తెలిసీ ముక్కాను. చురుక్కుమంది. మెష్ ఊడిపోయిందనే అనుకున్నాను. అక్కడే గోడకు తల ఆనించి చాలాసేపు ఉండిపోయాను. ఆ సాయంత్రం పక్క వీధి రిటైర్డు మాస్టారు, తుంటి ఆపరేషన్ అయినప్పుడు కొన్న కమోడు కుర్చీ మనవడి చేత పంపారు. మధ్యలో కన్నం ఉన్న స్టీలు కుర్చీ, కాళ్ళకు రబ్బరు తొడుగులు, చేతులు ఆనించుకోవడానికి పట్టీలు. దాన్ని దొడ్డి మీద పెట్టి కూర్చున్నాను. డాక్టరుగారు రాసిన సిరప్పు, గోరువెచ్చని నీళ్ళు, అరటిపండు, పైన ఆ కుర్చీ. ఐదోరోజు తేలిగ్గా అయింది. బయటికొస్తే మా ఆవిడ గుమ్మంలో నిలబడి నా మొహం చూసి నవ్వింది. మెష్‌కు ఏమీ కాలేదని తర్వాత డాక్టరుగారు చూసి చెప్పారు. అయినా ఆ కుర్చీ ఆపరేషన్‌కు ముందే ఇంట్లో ఉండాల్సింది.

పత్యం దగ్గర అమ్మకూ నాకూ వాదన. పప్పు తింటే చీము పడుతుంది, గోంగూర, వంకాయ వద్దు, మజ్జిగ జలుబు. కారం లేని చారన్నం పెట్టేది. డాక్టరుగారికి ఫోను చేసి స్పీకరు పెట్టాను. "అమ్మా, గాయం మానాలంటే పప్పు, గుడ్డు, చేప కావాలి. కూరలు తినకపోతే విరోచనం కాదు, ముక్కితే కుట్టు మీద పడుతుంది" అన్నారాయన. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "చోడి అంబలి తాగొచ్చా బాబూ?" అని అడిగింది. "రోజూ పొయ్యండమ్మా" అన్నారు. ఆ మర్నాటినుంచి పొద్దున్నే పెద్ద గ్లాసుడు రాగి అంబలి, మధ్యాహ్నం పప్పు. వంకాయ మాత్రం కుట్లు విప్పేదాకా పెట్టలేదు. అక్కడ నేనూ పట్టుబట్టలేదు.

ఫిబ్రవరి 3న కుట్లు విప్పారు. మర్నాడు రథసప్తమి. అరసవల్లి జనంతో శ్రీకాకుళం రోడ్లు నిండిపోతాయని తెల్లవారకముందే బయల్దేరి వెళ్ళొచ్చాం. ఏటా మేము దర్శనానికి వెళ్ళేవాళ్ళమే, ఆ ఏడు ఇంట్లోనే. తలస్నానం చెయ్యొచ్చా అని అడిగే వచ్చాను. పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, తల మీద, భుజాల మీద జిల్లేడాకులు పెట్టి అమ్మే నీళ్ళు పోసింది. యాభై నాలుగేళ్ళవాణ్ణి. పిడకల మీద పరమాన్నం పొంగుతోంది, చిక్కుడాకులు కోసి పక్కన పెట్టి ఉన్నాయి. పది రోజుల తర్వాత ఒంటిమీద నీళ్ళు పడ్డాయి. అమ్మ చెయ్యి తల మీద కాస్త ఎక్కువసేపే ఉంది. "ఎందుకు సెప్పనేదు రా నాన్నా" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

నడక మాత్రం రెండోరోజునుంచే. ముందు అరుగు దాకా, తర్వాత వీధి చివరిదాకా, మూడో వారానికి రైల్వేస్టేషన్ దాకా. కుట్టు కింద తాడులా గట్టిగా తగిలేది, అది మానుతున్న కండట, రెండు మూడు నెలల్లో మెత్తబడింది. కుట్టు కింద అరచేయంత మేర స్పర్శ తెలిసేది కాదు, కొంచెం ఇప్పటికీ అలాగే ఉంది. బండి మూడో వారం దాటాక, గట్టిగా బ్రేకు తొక్కినా నొప్పి లేదని చూసుకున్నాకే తీశాను. భార్యాభర్తల సంగతి కూడా అడిగాను. నొప్పి లేకపోతే రెండు మూడు వారాల తర్వాత ఇబ్బందేమీ లేదన్నారు. ఆ ప్రశ్న అడగడానికి రెండుసార్లు లోపలికి వెళ్ళి బయటికొచ్చాను. ఆయన మామూలుగా, షుగరు సంగతి చెప్పినట్టే చెప్పారు.

ఆరు వారాలు నిండిన బకెట్టు కూడా ఎత్తలేదు. కొట్టు మా మేనల్లుడు చూశాడు. బస్తాలు మూడు నెలలు ముట్టుకోవద్దన్నారు, ఇప్పుడు ఇద్దరం పట్టి దించుతున్నాం.

మొన్న వైశాఖంలో లోడు దించుతూ కళాసీ ఒకతను బస్తా కింద పెట్టి, లారీ చాటుకు తిరిగి, లుంగీ మీదనుంచి గజ్జ అదుముకున్నాడు. ఆ అదమడం నాకు తెలుసు. వెనక గదిలోకి పిలిచి, నా కుట్టు చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"ఏడాది దాటుతాది బావూ. ఇంట్లో తెల్దు."

"నొప్పొచ్చి, లోపలికి పోకుండా ఉండిపోయిందా ఎప్పుడైనా?"

"నేదు."

గురువారం ఇద్దరం కలిసి వెళ్దామన్నాను, డాక్టరుగారికి నేను చెప్తానన్నాను. అతను తలూపి, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వాళ్ళింట్లో కింద కూర్చునే దొడ్డేనట, ఆపరేషన్ అయితే ఎలాగని అడిగాడు. మాస్టారి కుర్చీ ఇంకా మా పెరట్లోనే ఉంది. ఆయన్నడిగి, కడిగి ఎండలో పెట్టమని మా ఆవిడకు అప్పుడే ఫోను చేశాను.