ఇటుకల నడుమ ఖాళీ

తిరువనంతపురం స్టేషన్ బయటికి వచ్చేసరికి జోరున వాన. జూన్ మొదటి వారం, నైరుతి రుతుపవనాలు కేరళను తాకే రోజులు. సంచిలో ప్లాస్టిక్ కవరు చుట్టి దాచిన కాగితం మా ఇంటి ప్లాను. రెండు గదులు, వంటిల్లు, ఒక వసారా. అంత చిన్న ఇంటిని గీయడానికీ చెరపడానికీ ఏడాది పట్టింది. తక్కువ ఖర్చు ఇటుక ఇళ్లకు పేరుపొందిన వాస్తుశిల్పి లారీ బేకర్ కట్టిన గోడలను కళ్లారా చూశాకే పునాది తవ్వాలని పట్టుబట్టి బయల్దేరాను.

స్టేషనుకు దగ్గర్లోనే, తంపానూరులో, ఆయన రూపకల్పన చేసిన ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. ఎర్ర ఇటుకల గుండ్రటి కట్టడం. లోపల విడివిడి అంతస్తులు లేవు. నేలే నడుమనున్న గుండ్రటి గోడను చుట్టుకుంటూ వాలుగా పైకి పోతుంది. బయటి గోడ వెంబడి బల్లలూ కూర్చునే అరుగులూ గోడతోపాటే కట్టేశారు. నేను కూర్చున్న చోట భుజం పక్కనే జాలీ. వరుసలో ఒక ఇటుక పెట్టి, ఒకటి వదిలేస్తూ కట్టిన గోడ అది. వదిలేసిన ప్రతి చోటా ఒక చిన్న వెలుగు ముక్క. కంతలోకి చెయ్యి పెట్టి చూశాను. ఇటుక బయటి అంచు తడిసి నల్లబడింది, లోపలి అంచు పొడిగానే ఉంది. గోడ మందమే చినుకును ఆపుతోంది, గాలి మాత్రం ధారాళంగా వస్తోంది. కిటికీ చట్రం, తలుపు, అద్దం, ఊచలు ఏవీ లేకుండానే కిటికీ పని జరిగిపోతోంది.

బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. యుద్ధకాలంలో చైనాలో వైద్య సేవలో పనిచేసి, తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీని కలిశారు. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ల లోపల దొరికేదై ఉండాలన్న గాంధీజీ మాట ఆయనలో జీవితాంతం నిలిచిపోయింది. 1945లో కుష్ఠు రోగుల ఆసుపత్రుల పని మీద భారతదేశం వచ్చారు. తర్వాత డాక్టరైన భార్య ఎలిజబెత్‌తో కలిసి హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో చాలా ఏళ్లున్నారు. అక్కడి వాళ్లు రాతితో కట్టుకునే ఇళ్లే తనకు పాఠాలు చెప్పాయని అనేవారు. ఈ మాట అప్పటికి నాకు తెలుసు. అర్థమైంది మాత్రం తర్వాతే.

మర్నాడు ఉళ్ళూరులో బేకర్ రూపకల్పన చేసిన అభివృద్ధి అధ్యయన కేంద్రం ఆవరణ చూశాను. గుట్టను చదును చేయకుండా దాని వాలు మీదే భవనాలు లేచాయి. గోడలు మలుపులు తిరిగి చెట్లకు దారి ఇచ్చాయి. ఒక చెట్టు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. నా ప్లానులో వేపచెట్టు ఉన్న చోట వంటింటి మూల గీసి ఉంది. చెట్టు కొట్టాల్సి వస్తుందని ఎవరికీ చెప్పకుండా మనసులోనే సర్దుకున్నాను. అక్కడ నిలబడితే ఆ సర్దుబాటు సిగ్గుగా అనిపించింది.

మధ్యాహ్నం ఒక మిత్రుడు, ఊరి చివర ఇదే పద్ధతిలో కడుతున్న ఇల్లు చూపించాడు. అక్కడి మేస్త్రీ ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి పేరుస్తున్నాడు. ముందు ఒకటి, వెనుక ఒకటి, వాటిని కలుపుతూ అడ్డంగా ఇంకొకటి. నడుమ బోలుగా మిగులుతుంది. ‘ర్యాట్ ట్రాప్’ కట్టుబడి అంటే ఇదే. తొమ్మిది అంగుళాల గోడే, ఇటుకల్లో మాత్రం నాలుగో వంతు దాకా ఆదా అవుతుంది. లోపల చిక్కుకున్న గాలి ఎండ వేడిని త్వరగా లోపలికి రానివ్వదు. మేస్త్రీకీ నాకూ ఉమ్మడి భాష లేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆ బోలులోకి దించాడు. మణికట్టు దాకా చల్లదనం. తర్వాత కట్టడం పూర్తయిన గోడను వేలి కణుపుతో కొట్టి వినమన్నట్టు సైగ చేశాడు. కడవ మీద కొట్టినట్టు మోగింది.

పైకప్పూ అదే వరస. స్లాబు కింది భాగంలో లాగుడు బలాన్ని మోసేది ఇనుమే, అక్కడి కాంక్రీటు చేసేది కొద్దిపాటి పనే. అందుకే ఇనుప చువ్వల నడుమ గళ్లలో రెండేసి మంగళూరు పెంకులు బోర్లించి, పైన కాంక్రీటు పోస్తారు. సిమెంటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. తలెత్తి చూస్తే బూడిద రంగు కప్పులో ఎర్రటి గళ్లు. ఇంత అందమైన పైకప్పుకు సున్నం పూయాలని ఎవరికి అనిపిస్తుంది!

రాత్రి బసలో ప్లాను పరిచాను. పడమటి గోడ నిండా జాలీ గీసుకున్నాను, ఫొటోలు చూసి ముచ్చటపడి. ఉక్కపోత ఉండే తిరువనంతపురంలో గాలి ఆడటమే ప్రాణం, అక్కడ జాలీ వరం. వేసవిలో పొడి వడగాలి వీచే మా వైపు పడమటి గోడకు అన్ని కంతలు పెడితే మధ్యాహ్నం ఇల్లు కొలిమి అవుతుంది. బేకర్ గోడను నకలు చేస్తే బేకర్ చెప్పిన దానికి వ్యతిరేకంగా కట్టినట్టే. పిథోరాగఢ్ ఇళ్లను ఆయన ఎలా చూశారో, అలా నేను మా చుట్టుపక్కల ఇళ్లను ఏనాడూ చూడలేదు. రబ్బరు తీసుకుని ముందు జాలీ చెరిపాను. తర్వాత వంటింటిని రెండు గజాలు తూర్పుకు జరిపి, వేపచెట్టు ఉన్న చోట ఒక చిన్న సున్నా చుట్టాను.

ఇంటికి చేరిన మర్నాడు మిట్టమధ్యాహ్నం మా స్థలానికి కొంచెం దూరంలో ఉన్న పాత మట్టి మిద్దెకు వెళ్లాను. ఏళ్లుగా దాని ముందు నుంచే నడుస్తున్నాను. ఇంటావిడను అడిగి లోపలికి వెళ్లి, పడమటి గోడకు అరచెయ్యి ఆనించాను. బయట కాళ్లు కాలే ఎండ, ఇక్కడ గోడ చల్లగా ఉంది. టేపు మరిచిపోయి వచ్చాను. గుమ్మం దగ్గర గోడ మందాన్ని చేత్తోనే కొలిచాను. మూర మీద బెత్తెడు. ప్లాను వెనక్కి తిప్పి రాసుకున్నాను.