నాలుగు గ్లోబులు, ఆరు బోల్టులు, 292 డాలర్ల సుంకం

మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. మా వీధిలో సగం ఇళ్ల ముందు టెస్లాలుంటే మా ఇంటి ముందు మాత్రం 2004 లెక్సస్ ఎల్ఎక్స్ 470 ఉంటుంది. దాన్ని ఎప్పుడు వదిలించుకుంటావని మా ఆవిడ నెలకోసారైనా అడుగుతుంది. ఈ బండిది హైడ్రాలిక్ సస్పెన్షన్, అంటే కుదుపులు తెలియకుండా ఫ్లూయిడ్ ఒత్తిడితో బండిని మోసేది. ఒక్కో చక్రానికి ఒకటి చొప్పున నాలుగు ఇనప గుండ్లుంటాయి, వాటిని గ్లోబులంటారు, లోపల నైట్రోజన్ ఉంటుంది. అది తగ్గిపోతే రెండున్నర టన్నుల బండి కాస్తా ఎడ్లబండి అయిపోతుంది. పోయాయో లేదో తెలుసుకోవడం తేలికే. బానెట్ ఎత్తి ఫ్లూయిడ్ డబ్బా మీద గీతలు చూడాలి, బండిని కిందికి దించినప్పుడు ఫ్లూయిడ్ ఎక్కడుంది, పైకి లేపినప్పుడు ఎక్కడికి పడిపోయింది, మధ్యలో ఎన్ని గీతలో లెక్కపెట్టాలి. కొత్త గ్లోబులకి 14 దాకా వస్తాయి, 7 కంటే తగ్గితే ఇక మార్చాల్సిందే. నాకు 5 వచ్చాయి.

ఇక్కడి డీలర్ చెప్పిన ధర విని ఫోన్ పెట్టేశాను. దుబాయ్‌లో ఒక షాపువాడు అవే ఒరిజినల్ గ్లోబులు నాలుగూ 560 డాలర్లకి ఇస్తానన్నాడు. పాతవి తుప్పు పట్టి ఉంటాయని ఆరు బోల్టులు కూడా వేయించుకున్నాను, 24 డాలర్లు. మొత్తం 584.

2024లో ఇలాగే జపాన్ నుంచి టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ పార్టులు) తెప్పించుకుంటే పైసా సుంకం లేకుండా గుమ్మం ముందుకొచ్చాయి. 800 డాలర్ల లోపు సరుకుకి అప్పట్లో మినహాయింపు ఉండేది. అది 2025 ఆగస్టు 29తో పోయింది (అమ్మ సున్నుండలు పోస్టులో పంపుదామని వెళ్తే పార్శిళ్లు తీసుకోవడం లేదని తిప్పి పంపేసింది కూడా ఆ గొడవ వల్లే). సరే, సుంకం పడుతుంది, ఎంత పడుతుందో చూసుకుని కొందామని నేనూ లెక్క వేసుకున్నాను. దుబాయ్ అంటే యూఏఈ, దేశాల వారీగా వేసిన సుంకం యూఏఈకి అప్పట్లో 10 శాతం, కాబట్టి 58 డాలర్లు. ఎంత తెలివైనవాణ్నో అనుకున్నాను.

ఆ అక్టోబరులో కొరియర్ వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. ఈ స్టీలుని ఏ దేశంలో కరిగించి పోత పోశారో చెప్పమని అందులో ప్రశ్న. కారు పార్టు కొన్నవాడికి ఆ స్టీలు ఎక్కడ కరిగిందో ఏం తెలుస్తుంది? స్పామ్ అనుకుని వదిలేశాను. నాలుగో రోజు బిల్లు వచ్చింది, సుంకం 292 డాలర్లు, మీద వాళ్ల ఫీజు. అంటే సరిగ్గా సగం ధర.

కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను, ముగ్గురూ "అది కస్టమ్స్ నిర్ణయం సార్" అన్నారు. ఆ రాత్రి పదిన్నరకి విజయవాడలో మా బావకి ఫోన్ చేశాను, అక్కడ పొద్దున్న తొమ్మిది. ఆటోనగర్‌లో బావది స్పేర్ పార్ట్స్ షాపు. ఏదో ఏడుపు చెప్పుకుందామని చేశానే గానీ అమెరికా కస్టమ్స్ సంగతి ఆయన తేలుస్తాడని కాదు. బిల్లు, ఇన్వాయిస్ రెండూ వాట్సాప్‌లో పెట్టమన్నాడు. రెండు నిమిషాలాగి, "ఒరేయ్, ఇన్వాయిస్ ఒకసారి నువ్వు చదివావా అసలు?" అన్నాడు.

చదవలేదు. దుబాయ్ వాడు "స్టీల్ బోల్టులు, స్పేర్ పార్టులు, 1 ప్యాకెట్, 584 డాలర్లు, యూఏఈ" అని ఒకే లైన్‌లో రాసి పడేశాడు.

"దీన్ని చూసినవాడికి బోల్టులు తప్ప ఇంకేం కనబడతాయిరా? మా బిల్లుల్లో కూడా నట్లూ బోల్టులూ 7318 కోడ్‌లో వేస్తాం, సస్పెన్షన్ సామాను 8708లో వేస్తాం. మొన్న సెప్టెంబరు 22 దాకా దానికీ దీనికీ జీఎస్టీ వేరు, ఒకటి 18 శాతం, ఒకటి 28. కలిపి రాస్తే మాకూ నోటీసే."

"కారుకి వేసే బోల్టు కారు పార్టు కాదా బావా?"

"కాదు. బోల్టు ఎక్కడున్నా బోల్టే."

జీఎస్టీ కోడూ, అమెరికా టారిఫ్ కోడూ మొదటి ఆరు అంకెల వరకు ఒకటేనని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత రెండు రాత్రులు అమెరికా టారిఫ్ షెడ్యూల్, అంటే సుంకాల పట్టిక, తెరిచి కూర్చున్నాను. ముందుగా నా 10 శాతం లెక్క గాల్లో కలిసిపోయింది, ఎందుకంటే ఎవడు అమ్మాడు, ఎక్కణ్నుంచి బయల్దేరింది అన్నది కాదు, ఎక్కడ తయారైందన్నదే చూస్తారు. గ్లోబుల డబ్బా మీద 'మేడ్ ఇన్ జపాన్' అని ఉంది, దుబాయ్‌లో అవి అల్మారాలో కూర్చున్నాయంతే. రెండోది, కారు పార్టులకి దేశాల రేట్లు కాకుండా, దేశ భద్రత పేరు చెప్పి వేసే సెక్షన్ 232 కింద విడిగా సుంకం ఉంది, 2025 మే 3 నుంచి 25 శాతం. జపాన్‌తో ఒప్పందం అయ్యాక సెప్టెంబరు 16 నుంచి జపాన్ పార్టులకి ముందు నుంచీ ఉన్న మామూలు రెండున్నర శాతం సుంకాన్ని కూడా కలుపుకుని 15కి దించారు. బోల్టులు మాత్రం స్టీలు లెక్కలోకి వచ్చేవి, దానికి అప్పట్లో 50 శాతం. బావ చెప్పినట్టే. అంటే గ్లోబులకి 84, బోల్టులకి 12, మొత్తం 96 డాలర్లు కట్టాల్సిన చోట 24 డాలర్ల బోల్టుల పేరు మొదట రాసినందుకు గ్లోబులు కూడా స్టీలైపోయాయి.

ముందు డబ్బు కట్టి పార్శిల్ విడిపించుకున్నాను, పోట్లాట పెట్టుకుని కూర్చుంటే వెనక్కి పంపేస్తారన్న భయం. తర్వాత దుబాయ్ వాడి వెంటపడి కొత్త ఇన్వాయిస్ రాయించాను. గ్లోబులు ఒక లైను, బోల్టులు ఒక లైను, ఒక్కోదానికి కోడ్, ధర, తయారైన దేశం. దానికి డబ్బా మీద లేబుల్ ఫోటో జతచేసి, ఫోన్లు మానేసి, కొరియర్ వాళ్ల సుంకం వివాదాల విభాగానికి మెయిల్ పెట్టాను. అప్పుడు మొదటిసారి విషయం తెలిసిన మనిషి తగిలింది. కస్టమ్స్ లెక్క ముగించిన రోజు నుంచి 180 రోజుల్లోపు అభ్యంతరం వేయొచ్చని, కాగితాలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి తామే వేస్తామని రాసింది. ఏడు వారాలకి 196 డాలర్లు వెనక్కొచ్చాయి. కొరియర్ ఫీజు రాలేదు, దాని కోసం మళ్లీ పోట్లాడే ఓపిక నాకు లేదు.

ఇప్పుడు ఎవరి దగ్గర ఆర్డర్ పెట్టినా ఇన్వాయిస్ డ్రాఫ్ట్ ముందు నాకు పంపమంటున్నాను, కొందరు విసుక్కుంటున్నారు. బోల్టులు మాత్రం ఇక్కడి డీలర్ దగ్గరే కొంటాను.

గ్లోబులు బిగించాక గీతలు 13 వచ్చాయి. బావకి ఫోటో పెడితే, "మిగతా ఒకటి కస్టమ్స్ వాళ్లు ఉంచుకున్నార్లే" అన్నాడు.