విప్‌కీ ఊరికీ మధ్య

2014 ఫిబ్రవరి 18. విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో గట్టెక్కుతుంటే టీవీ ప్రసారమే ఆగిపోయింది. గుంటూరులో మా ఇంట్లో అందరం ఖాళీ స్క్రీన్ ముందు టెన్షన్‌గా కూర్చున్నాం. "మన ఎంపీలు ఏం చేస్తున్నార్రా?" అని నాన్న అడుగుతూనే ఉన్నారు.

సొంత ప్రభుత్వంపై అవిశ్వాసం నోటీసులిచ్చిన ఆరుగురు సీమాంధ్ర ఎంపీలను కాంగ్రెస్ అంతకు వారం ముందే బహిష్కరించింది. వారిలో మా ఎంపీ రాయపాటి సాంబశివరావు ఒకరు. తెలంగాణ కాంగ్రెస్ ఎంపీలు కూడా అంతకుముందు నాలుగేళ్లు జనానికీ హైకమాండ్‌కీ మధ్య నలిగినవాళ్లే.

ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో వచ్చింది. విప్, అంటే ఇలాగే ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. ప్రభుత్వం నిలబడాల్సిన ఓటింగ్‌కి విప్ ఉండాలి, ఒప్పుకుంటాను. ఒక ప్రాంతం తలరాత మార్చే బిల్లుకి మాత్రం ఉండకూడదు. ఈసారి ఓటడగడానికి వచ్చే అభ్యర్థిని ముందు ఇదే అడుగుతాను.