పత్తి సేఠ్ జమాఖర్చు

ఫిబ్రవరి 11, బుధవారం

జమ్నాలాల్ బజాజ్ పోయింది 1942లో ఇదే తేదీన, వార్ధాలో. ఆ ఇంటిపేరు మనవాళ్లకు స్కూటరు వల్లే తెలుసు. ఆయన మాత్రం ఆ స్కూటర్‌ను చూడలేదు. దాన్ని అమ్మిన కంపెనీ ఆయన పోయాక, 1945లో పుట్టింది. ఆయనది పత్తి వ్యాపారం, గాంధీ నాటి కాంగ్రెస్ డబ్బు లెక్కలు చూసిందీ ఆయనే.

ఆదిలాబాద్ యార్డులో సీజన్ చివరికొచ్చింది. పొద్దుట ఎవరి నోట విన్నా తేమ మాటే. పత్తిలో తేమ 8 శాతం దాకా ఉంటే సీసీఐ, అంటే సర్కారు పత్తి కొనుగోలు సంస్థ, పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆ పైన 12 దాకా శాతానికి శాతం కోత. 12 దాటిందా, బండి వెనక్కే. పెన్‌గంగ దాటి యవత్మాల్ మీదుగా పోతే వార్ధా. అక్కడా ఇదే నల్లరేగడి, ఇదే పంట. సేఠ్ గురించి రాయాలంటే నేను జైలు దగ్గరో సత్యాగ్రహం దగ్గరో మొదలుపెట్టను, ఈ తేమ దగ్గరే మొదలుపెడతాను.

దూది తూకానికి అమ్ముడుపోయే సరుకు. గాలిలోని చెమ్మనే పీల్చుకుంటుంది, ఇక నీళ్లు చల్లితే చెప్పేదేముంది. వంద కిలోల పత్తి జిన్నింగ్ చేస్తే, అంటే గింజ వేరుచేస్తే, దూది ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు కిలోలు వస్తుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గింజే. అంత తక్కువ దూదిలో ఒక కిలో నీళ్లు కలిసినా లాభం కంటికి కనిపిస్తుంది. అందుకే అమ్మే ముందు నీళ్లు చల్లడం ఆ రోజుల్లో బజారు మామూలు. దాని నష్టం తర్వాత బయటపడేది. తడి పత్తి జిన్నింగ్ యంత్రంలో రోలర్‌కు చుట్టుకుంటుంది, గింజ నలుగుతుంది. బేలులో బిగించాక లోపల వేడి పుట్టి బూజు పడుతుంది, దూది పసుపెక్కుతుంది. జమ్నాలాల్ తన దుకాణంలో ఈ నీళ్ల తూకం మాన్పించాడు. తర్వాత విరాళాల విషయంలో ఆయన చూపిన పట్టు అంతా నాకు ఇందులోనే కనిపిస్తుంది.

అసలు ఆ సొత్తు ఆయన పుట్టింటిది కాదు. 1889లో రాజస్థాన్ సీకర్ దగ్గర కాశీ కా బాస్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. వార్ధా సేఠ్ బచ్‌రాజ్ చిన్నతనంలోనే మనవడి వరుసకు దత్తు తెచ్చుకున్నాడు. కన్నతండ్రి కనీరాం తనకంటూ పైసా అడగలేదు, ఊరికి ఒక బావి తవ్వించమన్నాడు. పదిహేడేళ్లప్పుడు పెళ్లికి నగలు పెట్టుకుని రానన్నాడని తాత కసిరితే, మీ ఆస్తిలో నాకు హక్కేమీ లేదని స్టాంపు కాగితం మీద రాసిచ్చి ఇల్లు వదిలేశాడు పిల్లాడు. బతిమాలి వెనక్కి తెచ్చుకున్నారు. తాత పోయాక ఆస్తి ఎలాగూ ఆయనకే వచ్చింది. ఆ కాగితం మాత్రం చెల్లదని ఆయన అనుకోలేదు. వచ్చిన సొమ్మును వడ్డీతో సహా లెక్కగట్టి దానాల కింద రాశాడు. వారసుల్లో దాతలు చాలామందే ఉంటారు. వారసత్వాన్ని అప్పు పద్దుగా రాసుకున్నవాళ్లు అరుదు.

మొదటి రాజకీయ విరాళం వంద రూపాయలు. రోజుకో రూపాయి చేతిఖర్చు దాచి, తిలక్ కేసరి పత్రిక హిందీలో రావడానికి పంపాడు. తర్వాత లక్షలిచ్చినా ఆ వంద ఇచ్చిన ఆనందం రాలేదని చెప్పుకునేవాడట.

1920 నాగపూర్ కాంగ్రెస్‌కు ఆహ్వాన సంఘం అధ్యక్షుడు ఆయనే. సహాయ నిరాకరణలో కోర్టులు వదిలేసిన వకీళ్ల పోషణకు లక్ష రూపాయలు ఇచ్చాడు. రాయ్ బహదూర్ బిరుదు వదులుకున్నాడు. కాంగ్రెస్ కోశాధికారి పని మీదేసుకున్నాడు, పోయేదాకా దించుకోలేదు.

ఇక్కడే మన బెజవాడ వస్తుంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం అనగానే మనకు పింగళి వెంకయ్య గారి జెండా గుర్తొస్తుంది, రావాలి కూడా. కానీ ఆ సమావేశం తీర్మానించింది మూడు లెక్కలు: జూన్ 30లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు. సభ్యత్వం ఏడాదికి నాలుగణాలు. కోటిమంది చేరినా పాతిక లక్షలే. కాబట్టి కోటి నిండాలంటే నాలుగణాల వాళ్లతో పాటు లక్షలిచ్చే సేఠ్‌లూ కావాలి. నిధి గడువులోగా నిండింది. వసూలుకు ఊరూరా మనుషులు దొరుకుతారు. వచ్చిన డబ్బును పద్దుల వారీగా విడదీసి, అడిగినవాడికి చూపించగలిగేవాడు కావాలి. ఆ పనికి ఉపన్యాసకుడు పనికిరాడు, చిట్టా ఆవర్జా తెలిసినవాడే కావాలి.

నగదొక్కటే ఇచ్చాడా అంటే కాదు. గ్రామ పరిశ్రమల సంఘానికి వార్ధాలో తన తోట ఇచ్చాడు, అదే మగన్‌వాడి. గాంధీ 1936లో మకాం పెట్టిన సేగావ్‌లో భూమి ఎక్కువగా ఈయనదే. తర్వాత అది సేవాగ్రామ్ అయింది. 1928లో తమ లక్ష్మీనారాయణ గుడి తలుపులు దళితులకు తెరిచాడు. సొంత కులంవాళ్లతో వ్యాపారం చేసుకునే సేఠ్‌కు దీని ఖరీదు ఏ చందా కన్నా ఎక్కువే.

సాయంత్రం ఆఫీసులో కంపెనీల చట్టం 182వ సెక్షన్ తీశాం, మార్చి దగ్గర పడుతోంది కదా. కంపెనీ ఏదైనా రాజకీయ పార్టీకి విరాళం ఇవ్వాలంటే మూడేళ్ల వయసుండాలి, బోర్డు తీర్మానం ఉండాలి, చెక్కో డ్రాఫ్టో ఆన్‌లైనో తప్ప నగదు పనికిరాదు. గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతమే హద్దు. 2017లో ఆ హద్దును, పార్టీ పేరు చెప్పాలన్న నియమాన్ని తీసేశారు. 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లతో పాటు ఆ సవరణలనూ సుప్రీంకోర్టు కొట్టేసింది. జమ్నాలాల్ నాటికి ఈ చట్టమేదీ లేదు. ఆయన ఇచ్చింది అధికారంలో ఉన్న సర్కారును ఎదిరించే పార్టీకి. 1923లో నాగపూర్ జెండా సత్యాగ్రహంలో జైలుకూ వెళ్లాడు. ఇలాంటి విరాళానికి కాంట్రాక్టు తిరిగి రాదు.

అలాగని అంతా వెన్నెలే అనను. 1931లో గోలా గోకర్ణనాథ్‌లో చక్కెర మిల్లు పెట్టాడు, తర్వాత ముకుంద్ ఇనుము కంపెనీ చేతికొచ్చింది, పిల్లల నాటికి ఆస్తి పెరిగిందే గానీ తరగలేదు. కోశాధికారి కాబట్టి వర్కింగ్ కమిటీలోనూ కుర్చీ ఉండేది. డబ్బిచ్చేవాడే నిర్ణయాల బల్ల దగ్గర కూర్చోవడం సబబేనా అన్న ప్రశ్న అప్పుడూ ఉండాల్సిందే. ధనవంతులు ధర్మకర్తలు కావాలని రాసినప్పుడల్లా నా మనసులో ఈ వర్తకుడే ఉండేవాడని గాంధీ ఆయన పోయాక రాశాడు. ఆ ఆదర్శాన్ని ఆయన పూర్తిగా అందుకున్నాడా అన్నది ఆస్తుల పట్టీ చూస్తే తేలిగ్గా తేలేది కాదు.