పూత మీది తోట, 2019 జూలై

అమెరికాలోని శాన్‌హోసేలో ఉండే మా పెద్దబ్బాయి ఇంట్లో కొన్నాళ్లు గడిపి, 2019 జూన్ చివర నల్లగొండకు తిరిగి వచ్చేటప్పుడు నేను శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అనే బేస్‌బాల్ జట్టు అభిమానిగా మారి వచ్చాను. అక్కడి రాత్రి ఆట మనకు తెల్లవారిన తర్వాత మొదలవుతుంది కాబట్టి, ఆ జూలై అంతా పొద్దున చాయ్‌తో పాటు స్కోరు చూడడమే నా పని.

అప్పటిదాకా ఎక్కువగా ఓడిన జట్టు అది. అందువల్ల పిచర్లు, అంటే బంతులు వేసేవాళ్లు, మాడిసన్ బమ్‌గార్నర్‌ను, విల్ స్మిత్‌ను వేరే జట్లకు ఇచ్చి, బదులుగా కుర్ర ఆటగాళ్లను తెచ్చుకుంటారని వార్తలు గుప్పుమన్నాయి. ఇద్దరి ఒప్పందాలూ ఆ ఏడాదితోనే ముగుస్తున్నాయి. మార్పిడికి జూలై 31 ఆఖరి గడువు. కాయ దిగేదాకా ఆగాలా, పూత మీదనే తోటను గుత్తకు ఇచ్చేయాలా అన్న తండ్లాట మా బత్తాయి రైతులకు ఏటా ఉండేదే.

సరిగ్గా అప్పుడే జట్టు గెలవసాగింది. ఆ నెలలో 25 ఆటలు ఆడి 19 గెలిచింది. మా అబ్బాయి మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, "బాపూ, గెలిచినా బమ్‌గార్నర్‌ను ఇచ్చేస్తరట" అని బాధపడేవాడు.

ఆ బాధ ఎందుకో తెలియాలంటే బేస్‌బాల్ విజేతను తేల్చే 2014 వరల్డ్ సిరీస్ గుర్తుకు తెచ్చుకోవాలి. కాన్సస్ సిటీ రాయల్స్‌పై ఐదో ఆటలో బమ్‌గార్నర్ ఆట మొత్తం, తొమ్మిది ఇన్నింగ్స్ ఒక్కడే బంతులు వేసి, ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. నడుమ రెండు రోజులే విశ్రాంతి. ఆఖరిదైన ఏడో ఆటలో మళ్లీ వచ్చి చివరి ఐదు ఇన్నింగ్స్‌లోనూ పరుగివ్వకుండా, 3-2 ఆధిక్యాన్ని కాపాడి కప్పు తెచ్చిపెట్టాడు.

చివరికి జట్టు వ్యవహారాలు చూసే ఫర్హాన్ జైదీ మెలాంకన్, పొమెరాంజ్ వంటి పిచర్లను పంపించి, బమ్‌గార్నర్, స్మిత్‌లను మాత్రం ఉంచుకున్నాడు. ఆ తర్వాత గెలుపుల ఊపు నిలవలేదు; 77 గెలుపులు, 85 ఓటములతో సీజన్ ముగిసింది. ఆ లెక్క చూపి నిర్ణయం తప్పన్నవారితో నేను ఏకీభవించను. నెల రోజులు ప్రాణం పెట్టి ఆడి గెలుస్తున్నవారి నడుమ నుంచి పెద్దదిక్కును తీసేస్తే, మిగిలినవాళ్లు ఏ ముఖంతో మైదానంలోకి దిగుతారు?

సెప్టెంబరు 29న, కోచ్ బ్రూస్ బోచీకి జెయింట్స్‌తో ఆఖరి ఆటలో, బమ్‌గార్నర్ బంతి వేయడానికి కాక, మరొకరి బదులు బ్యాట్ పట్టుకుని వచ్చాడు. ఎదుట ప్రత్యర్థి జట్టు డాడ్జర్స్ పిచర్ కెర్షా. స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అతడు గట్టిగానే కొట్టాడు, కానీ బంతి నేరుగా ఫీల్డర్ చేతుల్లోకే పోయింది. డిసెంబరులో అతడు అరిజోనా జట్టుకు వెళ్లిపోయాడు.