రాతికి కళ్లున్న చోట

అక్టోబరు 12, 2025, ఆదివారం

పొద్దున వాన తెరిపివ్వగానే ఇంగ్లండ్‌లోని డార్లింగ్టన్‌లో రైలెక్కి షిల్డన్‌లో దిగాను. అక్కణ్ణుంచి బ్రస్సెల్టన్ గుట్టకి నడక. ఫోన్‌లో జియోకాషింగ్ యాప్, జేబులో పెన్ను. ఎవరో దాచిన డబ్బాని జీపీఎస్ సాయంతో వెతికి, లోపలి చీటీలో పేరు రాసి, ఎక్కడిది అక్కడే పెట్టి రావాలి. జీపీఎస్ సిగ్నళ్లని కావాలని మసకబార్చడం అమెరికా మానేసిన మర్నాడే, 2000 మే 3న, ఆరెగాన్‌లో మొదటి డబ్బా దాచారు. నేను మాత్రం పాత రైలు దారుల పక్కనున్న వాటికోసమే తిరుగుతాను.

ఆవిరి ఇంజన్లు నడిచిన మొదటి పబ్లిక్ రైలు దారి, స్టాక్‌టన్-డార్లింగ్టన్‌కి పోయిన నెల 27తో 200 ఏళ్లు నిండాయి. అందరి నోటా 'లోకోమోషన్' ఇంజను పేరే. దారి తెరిచిన రోజు ఆ ఇంజనుకి తగిలించిన బొగ్గు బండ్లు ముందు ఈ గుట్ట దాటి వచ్చినవే. గుట్ట మీద కదలని ఆవిరి యంత్రం ఒకటి పెట్టి, మోకులు కట్టి, పడమటి వైపు నుంచి పైకి లాగి తూర్పు వైపు దించేవాళ్లు. నాకు ఇంజను కన్నా ఈ మోకుల దారే ఇష్టం.

ఇవాళ్టి క్లూ ఒక్కటే: "రాతికి కళ్లున్న చోట ఆగు." చెట్ల కింద ఫోన్‌లో చుక్క అటూ ఇటూ గెంతుతోంది. దాన్ని వదిలేసి కిందకి చూస్తే, గడ్డిలో రెండు వరసల చదరపు రాళ్లు. ప్రతి రాతికీ చిల్లులు. వాటిలో ఓక్ చెక్క బిగించి, మేకులు దిగ్గొట్టి, పట్టాని పట్టుకునే ఇనప చెయిర్లు నిలబెట్టేవాళ్లు. వేలు పెట్టి చూశాను. చల్లటి వాన నీళ్లు.

డబ్బా రాళ్లలో లేదు, ఉండకూడదు కూడా. ఇది రక్షిత కట్టడం, ఇక్కడ గడ్డపెళ్ల కూడా కదిలించకూడదు. కంచె గుంజ వెనక దొరికింది. పేరూ తేదీ రాసి, నాన్నకి వీడియో కాల్ చేశాను.

తాత బిట్రగుంట దగ్గర రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. మధ్యాహ్నం క్యారేజీ తీసుకుపోయేది నాన్నే. బీటర్లనే ఇనప పనిముట్లతో ఎదురెదురుగా నిలబడి స్లీపర్ల కింద కంకర దట్టించే ప్యాకింగ్ చప్పుడు దూరం నుంచే వినపడేదని ఎన్నిసార్లు చెప్పాడో.

"యాడున్నావమ్మా? ఏందా రాళ్లు?"

"స్లీపర్లు నాన్నా. 200 ఏళ్ల నాటివి."

"అడ్డ స్లీపరు లేదే! రెండు పట్టాల మధ్య గేజీ యాడ నిలబడద్ది? పట్టాలు ఎడంగా పోవా?"

"పోయేవంట. కానీ ఈ లైన్లో చాలా దూరం గుర్రాలే లాగేవి. పట్టాల మధ్య వాటి కాళ్లకి అడ్డం ఉండకూడదని ఇట్లా వేశారు. తర్వాత తర్వాత అడ్డ స్లీపర్లకే వచ్చారు."

నాన్న కాసేపు మాట్లాడలేదు. ఫోన్ ఇంకా దగ్గరికి పెట్టమన్నాడు. రాళ్ల వరస పొడుగూతా చూపించాను.

"ఒక రాయి మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కు. ఊగుతుందా?"

మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ ఆనించి నొక్కాను. చలనం లేదు.

"ఊగట్లేదు నాన్నా."

"ప్యాకింగ్ చేసినోడు మంచి పనోడమ్మా" అన్నాడు.